హెచ్‌ఓఏ ప్రాక్సీ ఫారమ్‌లో పేరు ఖాళీగా వదిలి సంతకం చేస్తే ఏమవుతుంది? (నార్త్ కరోలినా)

లాట్47

మాది నార్త్ కరోలినాలో 2006లో ఏర్పడిన సబ్‌డివిజన్, 120 ఇళ్ళు, వాటికి హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఉంది. వార్షిక మీటింగ్ నోటీసు వచ్చింది. ఎజెండాలో రెండు బోర్డు సీట్లకు ఎన్నిక, వచ్చే ఏడాది బడ్జెట్ ఉన్నాయి. బడ్జెట్‌లో డ్యూస్ (సంఘానికి కట్టే రుసుము) బాగానే పెంచారు. నోటీసుతో పాటు ప్రాక్సీ ఫారమ్ (మన బదులు ఓటు వెయ్యడానికి ఇంకొకరిని నియమించే కాగితం) కూడా పెట్టారు. అందులో "పేరు రాయకపోతే బోర్డు ప్రెసిడెంట్‌ను నియమించినట్టు భావిస్తాం" అని చిన్న అక్షరాల్లో ఉంది. ఇది కాక, డ్యూస్ పెంపు వద్దంటున్న పక్క వీధి ఆయన ఇంకో ఫారమ్ పట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నారు.

మీటింగ్ రోజుకి మేము ఇండియాలో ఉంటాం. నా అనుమానాలు ఇవి:

1. ప్రాక్సీ ఇవ్వకుండా ఊరుకుంటే నష్టమేమైనా ఉందా? కోరం (మీటింగ్ జరగడానికి కావలసిన కనీస హాజరు) లేక మీటింగ్ ఆగిపోతుంది కదా?
2. రెండు ఫారమ్‌ల మీదా సంతకం పెడితే ఏది చెల్లుతుంది?
3. నేను చెప్పినట్టే ఓటెయ్యాలని కట్టడి చెయ్యొచ్చా?
4. డీడ్ (ఇంటి యాజమాన్య పత్రం) మీద నా పేరు, మా ఆవిడ పేరు ఉన్నాయి. ఇద్దరమూ సంతకం చెయ్యాలా?
5. నోటరీ కావాలా?

---

బైలాపురుగు

2006 అన్నారు కాబట్టి మీకు ప్లాన్డ్ కమ్యూనిటీ యాక్ట్, అంటే చాప్టర్ 47ఎఫ్, పూర్తిగా వర్తిస్తుంది. 1999 జనవరి 1కి ముందు ఏర్పడిన కాలనీలకు అందులో కొన్ని సెక్షన్లే వర్తిస్తాయి. అలాంటి చోట ఉన్నవాళ్ళు ముందు తమ డిక్లరేషన్ (కాలనీని ఏర్పరిచిన మూల పత్రం), బైలాస్ (సంఘం నడిచే నియమాలు) తెరిచి చూసుకోవాలి.

ప్రాక్సీ గురించి ముఖ్యమైనదంతా సెక్షన్ 47ఎఫ్-3-110లోనే. అందులో ప్రాక్సీ భాగం నాలుగైదు వాక్యాలే, నోటీసు చేతికొచ్చిన రోజే ఒకసారి చదివితే సగం అనుమానాలు తీరిపోతాయి.

ముందు చిన్న ప్రశ్నలు. నోటరీ అక్కర్లేదు. చట్టం అడిగేది యజమాని సంతకం, తేదీ. తేదీ లేని ప్రాక్సీ చెల్లదని సెక్షన్‌లో నేరుగా రాసి ఉంది, అక్కడ మీటింగ్ అధ్యక్షుడి దయాదాక్షిణ్యాలకు చోటు లేదు. ఇంకా తక్కువ గడువు మీరే రాసుకుంటే తప్ప, తేదీ నుంచి 11 నెలల దాకా అది బతికే ఉంటుంది. ఫలానా మీటింగ్‌కి అని రాయకుండా సంతకం చేశారనుకోండి, మధ్యలో ప్రత్యేక మీటింగ్ పెట్టినా అదే కాగితంతో మీ ఓటు వేసేయొచ్చు. చాలామంది గమనించనిది ఇదే. కాబట్టి మీటింగ్ తేదీ రాసి, "ఈ మీటింగ్‌కు, ఇది వాయిదా పడితే మళ్ళీ జరిగే మీటింగ్‌కు మాత్రమే" అని చేర్చండి.

భార్యాభర్తల విషయం: ఒక లాట్‌కి (ఇంటి స్థలానికి) యజమానులు ఎంతమంది ఉన్నా, ఒక్కరే మీటింగ్‌కు వస్తే ఆ లాట్ ఓటు మొత్తం వాళ్ళే వెయ్యొచ్చు. ప్రాక్సీ కూడా ఒకరు సంతకం చేస్తే నడుస్తుంది. రెండోవారు అధ్యక్షుడి దగ్గర వెంటనే అభ్యంతరం చెబితేనే చిక్కు. అయినా ఇద్దరూ సంతకం చెయ్యండి. ఇద్దరూ చెరో మనిషికి ప్రాక్సీ ఇవ్వడం మాత్రం వద్దు. ఇద్దరు హోల్డర్లు (ప్రాక్సీ అందుకున్నవాళ్ళు) చెరో వైపు నిలబడితే మీ ఓటే గాలిలో వేలాడుతుంది.

పేరు ఖాళీగా వదలడం గురించి నా మాట సూటిగా చెబుతాను. అది హాజరు పట్టీ మీద సంతకం కాదు, ఓటు రాసిచ్చేయడం. మీ ఫారమ్‌లో ఖాళీగా ఉంటే ఎవరికి వెళ్తుందో ముందే అచ్చు వేశారు. అంటే బడ్జెట్ తయారుచేసినవాళ్ళ చేతికే ఆ బడ్జెట్ మీద మీ ఓటు వెళ్తుంది. ఇందులో మోసం ఏమీ లేదు, ఫారమ్ మీద రాసే ఉంది. చదవకపోవడం మన తప్పు.

---

మినిట్స్‌రాసేవాడు

మొదటి ప్రశ్నకు విడిగా జవాబు చెప్పాలి. "మనం వెళ్ళకపోతే కోరం రాదు, ఏదీ పాస్ కాదు" అన్న లెక్క నార్త్ కరోలినాలో పారదు.

బైలాస్‌లో వేరే అంకె లేకపోతే కోరం 10 శాతం. సెక్షన్ 47ఎఫ్-3-109. మీ 120 ఇళ్ళకి 12 ఓట్లు, స్వయంగా వచ్చినవీ ప్రాక్సీలూ కలిపి. అది మీటింగ్ మొదలయ్యేసరికి ఉంటే చాలు. ఆ 12 లేవనుకోండి, వచ్చినవాళ్ళలో సగం కంటే ఎక్కువమంది ఒప్పుకుంటే వాయిదా వేస్తారు. తర్వాతి మీటింగ్‌కు కోరం సగానికి తగ్గుతుంది: 6. అప్పుడూ రాకపోతే 3. కోరం కుదిరేదాకా ఇలా సగం సగం అవుతూనే ఉంటుంది. బైలాస్‌లో దీనికి విరుద్ధంగా ఏమున్నా ఈ తగ్గింపు వర్తిస్తుందని చట్టంలోనే ఉంది. అంటే ఇంట్లో కూర్చున్నవాళ్ళు మీటింగ్‌ను ఆపలేరు, మహా అయితే ఒక నెల వెనక్కి నెట్టగలరు.

బడ్జెట్ సంగతి ఇంకా విచిత్రం. 47ఎఫ్-3-103(సి) ప్రకారం బడ్జెట్ ఆమోదానికి కోరమే అక్కర్లేదు. నోటీసులో ఆ మాట రాసి ఉండాలి కూడా, మీది తీసి చూడండి. మొత్తం లాట్ల యజమానుల్లో, అంటే వచ్చినవాళ్ళలో కాదు, మొత్తంలో మెజారిటీ వద్దంటేనే బడ్జెట్ పడిపోతుంది. డిక్లరేషన్‌లో అంతకన్నా పెద్ద సంఖ్య ఉంటే అది. మీకు లెక్క: 61 లాట్లు వద్దనాలి. 60 మంది వద్దన్నా, ఒక్కరూ అవుననకపోయినా, బడ్జెట్ ఆమోదం పొందినట్టే. రాని ప్రతి ఓటూ అవునన్న ఓటే.

ఆ పక్క వీధి ఆయన ఇంటింటికీ తిరగడానికి కారణం అదే అయ్యుంటుంది. 61 కావాలంటే హాలుకు వచ్చే జనంతో అయ్యే పని కాదు, ప్రాక్సీలతోనే కావాలి. 40 ప్రాక్సీలు పోగుచేసుకుని వచ్చి, హాల్లో ఇంకో 15 మంది చేతులెత్తితే 55. ఓడిపోయినట్టే. అదే రోజు బోర్డు ఎన్నికలో మాత్రం ఆ 40 ప్రాక్సీలు రెండు సీట్లనూ తేల్చేయగలవు, ఎందుకంటే అక్కడ పడిన ఓట్లలో ఎవరికి ఎక్కువైతే వాళ్ళే. ఒకే కట్ట కాగితాలు ఒక అంశంలో చాలవు, ఇంకో అంశంలో రాజ్యమేలతాయి. ప్రాక్సీ ఇచ్చేటప్పుడు ఈ తేడా మనసులో పెట్టుకోండి: బడ్జెట్ కోసమని ఇచ్చిన కాగితం బోర్డులో ఎవరు కూర్చోవాలో కూడా నిర్ణయిస్తుంది.

---

లాట్47

ఇది అసలు తెలియదండీ. నోటీసు తీసి చూశాను, "కోరం లేకున్నా బడ్జెట్ ఆమోదించబడవచ్చు" అనే వాక్యం రెండో పేజీ అడుగున ఉంది.

అయితే బడ్జెట్‌కి వద్దని పక్క వీధి ఆయన చేత వేయించి, బోర్డు సీట్లకు నా ఇష్టం వచ్చినవాళ్ళకు వెయ్యమనడం కుదురుతుందా? ఇప్పటికే మా ఆవిడ బోర్డు పంపిన ఫారమ్ మీద సంతకం చేసి మెయిల్ చేసేసింది, పేరు రాయకుండా.

---

బైలాపురుగు

కుదురుతుంది. కాకపోతే రెండు పనులు జాగ్రత్తగా చెయ్యాలి.

మొదటిది, పాత ప్రాక్సీని చంపడం. "తర్వాతి తేదీతో ఇంకొకటి ఇస్తే ముందుది దానంతటదే రద్దు" అని అందరూ అనుకుంటారు. మామూలు సూత్రం అదే అయినా ఇక్కడి సెక్షన్ ఇంకో మెట్టు ఎక్కువ అడుగుతుంది. మీటింగ్‌కు అధ్యక్షత వహించే వ్యక్తికి రద్దు సంగతి నిజంగా తెలియాలి. అలా తెలియజేస్తే తప్ప ప్రాక్సీని వెనక్కి తీసుకోలేరు. మేనేజ్‌మెంట్ కంపెనీ వాళ్ళ ఇన్‌బాక్స్‌లో పడ్డ ఈమెయిల్ అధ్యక్షుడికి తెలిసినట్టు కాదు. వాళ్ళు ఆ వారం చూడకపోవచ్చు. ప్రెసిడెంట్‌కి నేరుగా పంపి, సెక్రటరీకి, మేనేజర్‌కి కాపీ పెట్టి, "అందింది" అని జవాబు రాయించుకోండి. అదే కాగితం ఒక ప్రింటు మీ ప్రాక్సీ హోల్డర్ చేతికివ్వండి. ఆయన తలుపు దగ్గరి బల్ల మీద ఒకటి, మీటింగ్ మొదలవ్వకముందే అధ్యక్షుడి చేతికి ఒకటి ఇవ్వాలి.

మీ ఆవిడ సంతకం చేశారు కాబట్టి రద్దు లేఖ మీద ఆవిడ సంతకమే ఉండాలి. మీరు ఒక్కరే రాస్తే అది రద్దు కాదు, సహ యజమాని అభ్యంతరం అవుతుంది. ఆ గొడవ హాల్లో తేలదు.

రెండోది, కొత్త ప్రాక్సీలో ఆదేశాలు. అచ్చు ఫారమ్ చాలకపోతే మీరే రాసుకోవచ్చు, బోర్డు ఫారమే వాడాలని చట్టంలో లేదు. బైలాస్‌లో ప్రాక్సీ ముందుగా సెక్రటరీకి చేరాలనో, మీటింగ్‌కు ఇన్ని గంటల ముందు ఇవ్వాలనో ఉంటే మాత్రం దాన్ని పాటించండి. ఇంగ్లీషులోనే రాసుకోండి, సారాంశం ఇలా ఉండాలి:

"ఫలానా చిరునామా, లాట్ నంబరు ఇంత, యజమానులమైన మేము, ఫలానా తేదీన జరిగే వార్షిక సమావేశానికి, అది వాయిదా పడితే మళ్ళీ జరిగే సమావేశానికి, ఫలానావారిని మా ప్రాక్సీగా నియమిస్తున్నాం. వారు రాలేకపోతే ఫలానా రెండో వ్యక్తి. బడ్జెట్ ఆమోదం మీద: వ్యతిరేకంగా. బోర్డు ఎన్నికలో: ఈ ఇద్దరికి. ఎజెండాలో లేని మరే అంశం మీదా ఓటు వెయ్యకూడదు. కోరం లెక్కకు మాత్రం హాజరైనట్టు లెక్కించండి. ఇంతకు ముందు మేము ఇచ్చిన ప్రాక్సీలన్నీ రద్దు. సంతకాలు, సంతకం చేసిన తేదీ."

రెండో పేరు తప్పకుండా పెట్టండి. హోల్డర్‌కి ఆ రోజు జ్వరమొస్తే మీ కాగితం జేబులోనే ఉండిపోతుంది.

---

గడప22

బల్ల దగ్గర కాగితాలు సరిచూసేవాళ్ళ వైపు నుంచి చెబుతాను, ఏవి పక్కన పడతాయో.

తేదీ లేనివి మొదటి స్థానం. మొత్తం నింపి, ఆ ఒక్క గడి వదిలేస్తారు. రెండోది తేదీ రాసే తీరు. మనవాళ్ళు అలవాటుగా రోజు ముందు, నెల తర్వాత రాస్తారు. 5/11 అని రాస్తే ఇక్కడ మే 11 అని చదువుతారు. మీటింగ్ నవంబర్‌లో అయితే ఆరు నెలల పాత ప్రాక్సీ అనుకుంటారు. ఏదైనా రద్దు లేఖతో కలిపి చూసినప్పుడు ఏది ముందు, ఏది తర్వాత అన్నదే తారుమారు అవుతుంది. నెల పేరు అక్షరాల్లో రాయండి, గొడవ ఉండదు. ఇండియా నుంచి ఆఖరి నిమిషంలో సంతకం చేసి పంపేవాళ్ళకు ఇంకోటి: ఇక్కడ సాయంత్రం 7 గంటలకు మీటింగ్ అంటే అక్కడ మర్నాడు తెల్లవారుజాము. అక్కడి తేదీ వేస్తే మీటింగ్ అయిపోయిన మర్నాడు సంతకం చేసినట్టు కనబడుతుంది. వారం ముందే పని ముగించండి.

మూడోది పేరు. డీడ్ మీద ఇంటిపేరు మొత్తం, మధ్య పేరు, అన్నీ ఉంటాయి. సంతకం పొట్టి పేరుతో ఉంటుంది. సంతకం కింద డీడ్‌లో ఉన్నట్టే పూర్తి పేరు అచ్చు అక్షరాల్లో రాయండి. ఇల్లు ట్రస్ట్ పేరున ఉంటే ట్రస్టీ అని, ఎల్‌ఎల్‌సీ పేరున ఉంటే మేనేజర్ అని హోదా రాసి సంతకం చెయ్యాలి. డీడ్ మీద లేని మనిషి సంతకం, ఉదాహరణకు భార్య పేరునే ఉన్న ఇంటికి భర్త సంతకం, చెల్లదు. ఇది బాగా ఎక్కువగా వచ్చే తప్పు.

నాలుగోది, డ్యూస్ బకాయి. బకాయి ఉన్నవాళ్ళ ఓటు హక్కును ఆపేసే నిబంధన చాలా బైలాస్‌లో ఉంటుంది. అసలు యజమానికే ఓటు లేనప్పుడు ప్రాక్సీకి ఎక్కడిది? ఇండియా వెళ్ళేముందు ఖాతా సున్నా చేసుకోండి, ఆటోపే కార్డు గడువు తీరిపోయిందేమో చూడండి.

స్కాన్ కాపీ తీసుకుంటారా లేదా అన్నది ముందే ఈమెయిల్‌లో అడిగి, అవునని రాతపూర్వకంగా తెప్పించుకోండి. హాలు దగ్గర ఫోన్‌లో ఫోటో చూపిస్తే వాదన తప్పదు.

హోల్డర్‌కి ఒక మాట. లోపలికి వెళ్ళేటప్పుడు సైన్-ఇన్ షీట్ మీద తన లాట్‌తో పాటు మీ లాట్ ఎదురుగా కూడా "ప్రాక్సీ ద్వారా" అని రాయించుకోవాలి. మీ లాట్‌కి విడిగా బ్యాలెట్ అడిగి తీసుకోవాలి. తనది ఒక్కటే తీసుకుని లోపలికి వెళ్ళిపోయి, లెక్క అయ్యాక "నా దగ్గర ఇంకో మూడు ప్రాక్సీలున్నాయి" అంటే వినరు.

---

ఎండమావి

వేరే రాష్ట్రాల్లో ఉండి ఇది చదివేవాళ్ళకు: పైన చెప్పింది యథాతథంగా వాడకండి, ఊరు మారితే కథ మారుతుంది.

ఫ్లోరిడాలో హెచ్‌ఓఏ ప్రాక్సీ (సెక్షన్ 720.306) మీద మీటింగ్ తేదీ, సమయం, స్థలం, సంతకం చేసిన తేదీ, సంతకం అన్నీ ఉండాలి. ఆ ఒక్క మీటింగ్‌కీ, దాని వాయిదాకీ మాత్రమే పనికొస్తుంది. మీటింగ్ అసలు తేదీ నుంచి 90 రోజులకు కాలం చెల్లుతుంది. ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. హోల్డర్ తన బదులు ఇంకొకరిని పెట్టాలంటే ఫారమ్‌లోనే ఆ వెసులుబాటు రాసి ఉండాలి. అక్కడే కాండో (అపార్ట్‌మెంట్ తరహా ఇల్లు) అయితే చట్టం వేరు, చాప్టర్ 718. బోర్డు ఎన్నికలో ప్రాక్సీ పనికిరాదు, బ్యాలెట్ మీరే పంపాలి. హెచ్‌ఓఏ, కాండో ఒకటే అనుకుని పప్పులో కాలేసేవాళ్ళు ఎక్కువ.

కాలిఫోర్నియాలో బోర్డు ఎన్నికకు రహస్య బ్యాలెట్ కనీసం 30 రోజుల ముందే చేతికొస్తుంది. కాబట్టి ప్రాక్సీ అవసరమే తక్కువ. ఇచ్చినా ఇంకో సభ్యుడికే ఇవ్వాలి, అద్దెకున్నవాళ్ళకో తమ్ముడికో కుదరదు. ఎలా ఓటెయ్యాలో చెప్పే ఆదేశాలు విడదీయగలిగే వేరే పేజీలో ఉండాలి, హోల్డర్ దాన్ని తన దగ్గరే ఉంచుకుంటాడు. ప్రాక్సీని రద్దు చెయ్యాలంటే బ్యాలెట్ ఎన్నికల ఇన్‌స్పెక్టర్‌కి చేరకముందే చెయ్యాలి. చేరాక బ్యాలెట్‌ను వెనక్కి తీసుకోలేరు.

టెక్సస్‌లో ప్రాక్సీతో పాటు ఆబ్సెంటీ బ్యాలెట్ (మీటింగ్‌కు రాకుండా ముందే పంపే ఓటు), ఎలక్ట్రానిక్ బ్యాలెట్ పద్ధతులు చట్టంలోనే ఉన్నాయి (సెక్షన్ 209.00592). అలా వేసిన ఓటు, బ్యాలెట్ మీద ఉన్న అంశాలకే కోరంలో లెక్కకొస్తుంది. ఒక లొసుగు: మీటింగ్‌లో తీర్మానం మాటలు మార్చితే, మార్చిన దాని మీద మీ ఆబ్సెంటీ ఓటు లెక్కలోకి రాదు. "200 డాలర్ల పెంపు"ను "150" అని సవరించారంటే మీ వద్దు గాల్లో కలిసినట్టే. అలాంటి చోట మనిషిని పంపడమే మేలు, ప్రాక్సీ హోల్డర్ అక్కడికక్కడ ఓటు వెయ్యగలడు. ఇంకోటి, పై జవాబులో చెప్పినట్టు డ్యూస్ బకాయి అని బోర్డు ఎన్నికలో ఓటు తీసేసే నిబంధన టెక్సస్‌లో చెల్లదు (209.0059).

---

మినిట్స్‌రాసేవాడు

@ఎండమావి సవరణ గురించి మంచి మాట చెప్పారు. అది ఆదేశాలతో ఇచ్చే ప్రాక్సీకి కూడా తగులుతుంది. "బడ్జెట్‌కి వ్యతిరేకం" అని మాత్రమే రాస్తే, చిన్న మార్పుతో వచ్చిన తీర్మానం మీద హోల్డర్ చేతులు కట్టుకుని కూర్చోవాల్సి రావచ్చు. "సవరించిన బడ్జెట్‌కైనా ఇదే" అని ఒక ముక్క చేర్చండి, లేదా ఆ ఒక్క అంశం హోల్డర్ విచక్షణకు వదలండి.

బైలాపురుగు గారితో ఒక చోట విభేదిస్తాను. ఎజెండాలో లేని అంశాల మీద పూర్తిగా నోరు కట్టేయడం ప్రతిసారీ మంచిది కాదు. వాయిదా వెయ్యాలా వద్దా, ఓటింగ్ రహస్యంగా జరపాలా లాంటివి అక్కడికక్కడే వస్తాయి. ఆ ఓట్లలోనే కొన్నిసార్లు మీటింగ్ గెలుస్తారు లేదా ఓడుతారు. నమ్మిన మనిషైతే "మీటింగ్ నిర్వహణకు సంబంధించిన ప్రశ్నల మీద తన ఇష్టం ప్రకారం" అని రాయండి. అంత నమ్మకం లేకపోతే అసలు ఆ మనిషికి ప్రాక్సీ ఎందుకు?

ఆ పక్క వీధి ఆయనకు చెప్పండి: నాన్‌ప్రాఫిట్‌గా నమోదైన అసోసియేషన్ అయితే, నోటీసు ఇచ్చిన రెండు పనిదినాల నుంచి మీటింగ్ అయ్యేదాకా సభ్యుల జాబితా చూసే హక్కు సభ్యులకు ఉంది (55ఎ-7-20). ఊరికే తలుపులు తట్టడం కంటే, అక్కడ నివాసముండని యజమానుల చిరునామాలు అందులో దొరుకుతాయి. ఇళ్ళు అద్దెకిచ్చి వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళ ఓట్లు లేకుండా 61 చేరడం కష్టం.

---

బైలాపురుగు

నిర్వహణ ప్రశ్నల గురించి మీరన్నది ఒప్పుకుంటాను. ఆ వాక్యాన్ని అలాగే మార్చుకోండి.

---

లాట్47

మా ఆవిడతో రద్దు లేఖ రాయించి ప్రెసిడెంట్‌కి పంపాం, అందినట్టు జవాబొచ్చింది. చివరగా ఒకటి. మేము వెళ్ళే తేదీ వారం వెనక్కి జరిగి, నేనే మీటింగ్‌కి వెళ్ళగలిగితే ప్రాక్సీ దానంతటదే పోతుందా?

---

గడప22

పోతుందని అనుకోవద్దు. బల్ల దగ్గర సంతకం చేసేటప్పుడు మీ లాట్ ఎదురుగా అప్పటికే ప్రాక్సీ నమోదై ఉందేమో అడగండి. ఉంటే, బ్యాలెట్ మీ హోల్డర్ చేతికి వెళ్ళకముందే అధ్యక్షుడికి నోటితో చెప్పి, ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. హోల్డర్ దగ్గరి కాగితం కూడా వెనక్కి తీసుకోండి. ఒకే లాట్‌కి రెండు బ్యాలెట్లు పెట్టెలో పడితే, రహస్య ఓటింగ్ అయితే ఏది ఎవరిదో ఇక తెలియదు.